ప్రోగ్రెసివ్ అద్దాలు కుదరాలంటే: డమ్మీ అద్దం మీద రెండు చుక్కలు

మొదటి జత ప్రోగ్రెసివ్ అద్దాలు, అంటే దూరం, దగ్గర రెండూ గీత లేకుండా ఒకే అద్దంలో ఉండేవి, నాకు మూడు వారాలైనా పడలేదు. దూరం బాగానే ఉండేది. పేపరు చదవాలంటే మాత్రం గడ్డం పైకెత్తాలి. పైగా పేపర్ని ముక్కుకు ఎదురుగా కాకుండా కాస్త కుడిపక్కకు జరిపి పట్టుకోవాలి. షాపులో అడిగితే “అలవాటవుతుంది సార్, ఇంకో నెల చూడండి” అన్నారు. బిల్లు మీద రాసిన కొలతలు చూశాను: పీడీ (కనుపాపల మధ్య దూరం) 64, హైటు (ఫ్రేము కింది అంచు నుంచి కనుపాప ఎత్తు) 18. అంతే. రెండు కళ్లకూ కలిపి ఒకటే పీడీ, రెండు కళ్లకూ ఒకటే హైటు.

తర్వాత వేరేచోట నిదానంగా కొలిపించుకుంటే వచ్చిన అంకెలు ఇవి. ముక్కు నడిమధ్య నుంచి కుడి కనుపాపకు 30.5 మిల్లీమీటర్లు, ఎడమ కనుపాపకు 33. ఫ్రేము లోపలి కింది అంచు నుంచి కనుపాపకు కుడివైపు 20.5, ఎడమవైపు 21. షాపువాళ్లు 64ను సగం చేసి అటు 32, ఇటు 32 వేశారు. దాంతో పవరు దిగే దారి రెండు కళ్లకూ కుడివైపుకు జరిగింది, రెండున్నర మూడు మిల్లీమీటర్లు కిందికీ దిగింది. గడ్డం ఎందుకు లేస్తోందో, పేపరు ఎందుకు కుడికి పోతోందో అప్పుడు అర్థమైంది.

మిల్లీమీటర్ల మీద ఇంత పట్టింపు ఎందుకో తెలియాలంటే అద్దం లోపల ఏముందో చూడాలి. మామూలు చత్వారం అద్దంలో ఎక్కడ చూసినా ఒకటే పవరు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు శిబిరాల్లో మన ఊళ్లలో చాలామందికి ఇచ్చిన రీడింగ్ గ్లాసులు అలాంటివే. అవి ముఖం మీద కాస్త అటూ ఇటూ కూర్చున్నా పని నడుస్తుంది. బైఫోకల్‌లో, అది గుండ్రటి బిళ్ళ కేటీ అయినా పైన గీత ఉండే డీ అయినా, కింద ఒక బిళ్ళ కనపడుతుంది. పైన దూరం, కింద దగ్గర, మధ్యలో ఏమీ లేదు. ప్రోగ్రెసివ్‌లో గీత లేదు. కనుపాపకు ఎదురుగా దూరం పవరు మొదలై, కిందికి దిగేకొద్దీ కొంచెం కొంచెంగా పెరుగుతూ చదివే పవరు దగ్గర ఆగుతుంది. ఫ్రాన్స్‌లో బెర్నార్డ్ మైత్నాజ్ రూపొందించిన వారిలక్స్ 1959లో బజారుకొచ్చిన దగ్గర్నుంచి ఈ అద్దం గుణం ఇదే, దోషమూ ఇదే. పవరు ఇలా సాఫీగా పెరగాలంటే ఆ దారికి రెండు పక్కలా అక్కర్లేని సిలిండర్, అంటే మసక, పేరుకోక తప్పదు. దీనికి మిన్క్‌విట్జ్ సూత్రం అని ఒక లెక్క ఉంది: నడిమి గీత మీద మిల్లీమీటరుకు పవరు ఎంత పెరుగుతుందో, పక్కకు జరిగితే మిల్లీమీటరుకు మసక దానికి రెట్టింపు పెరుగుతుంది.

నా అంకెలతోనే చూడండి. నా యాడ్, అంటే దూరం పవరుకు దగ్గరి చూపు కోసం కలిపేది, +2.00. దారి పొడవు, దీన్నే కారిడార్ అంటారు, 14 మిల్లీమీటర్లు. ఆ పొడవులో యాడ్‌లో 85 శాతం, అంటే 1.70 పెరుగుతుంది. మిల్లీమీటరుకు సుమారు 0.12. పక్కకు జరిగితే మిల్లీమీటరుకు మసక 0.24. అరపాయింటు (0.50) మసక దాకా కన్ను ఓర్చుకుంటుంది అనుకుంటే, మధ్య నుంచి అటు రెండు, ఇటు రెండు. మొత్తం దారి వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు. కంప్యూటరు దూరం చూపంతా ఈ నాలుగు మిల్లీమీటర్ల సందులోంచే. అందులో నా కుడి కన్ను ఒకటిన్నర పక్కన నిలబడింది! ఇక ఏ కంపెనీ అద్దమైతే ఏం లాభం? అదే యాడ్‌ను 10 మిల్లీమీటర్ల చిన్న కారిడార్‌లో ఇరికిస్తే సందు మూడుకు దిగుతుంది. ఇది పుస్తకం లెక్క, అసలు డిజైన్లు ఆ మసకను రకరకాలుగా సర్దుతాయి. కానీ మసకను అటు నెట్టడమో ఇటు నెట్టడమో తప్ప, మాయం చేసే అద్దం ఇంతవరకు రాలేదు. “అంచు నుంచి అంచు దాకా క్లియర్ సార్” అనే మాట విన్నప్పుడు ఇది గుర్తుంచుకుంటే చాలు.

రెండోసారి మొదటి నుంచీ మొదలుపెట్టాను. పవరు పరీక్ష కంటి ఆస్పత్రిలో. బంజారాహిల్స్‌లో 1987 నుంచీ ఉన్న ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి, మెహిదీపట్నంలో సర్కారు వారి సరోజినీదేవి, ఇంకా కాలనీకొక కంటి క్లినిక్ ఉన్న ఊరిది. నలభై దాటాక ఎలాగూ కంట్లో ప్రెషరు, రెటీనా ఒకసారి చూపించుకోవాలి, ఆ పనీ అయిపోతుంది. అయితే చుక్కల మందు వేసి పాప పెద్దది చేసిన రోజున యాడ్ తేల్చొద్దు. మందు ప్రభావంలో కన్ను దగ్గరికి ఫోకస్ చేసే శక్తి పడుకుని ఉంటుంది, కనుపాప విప్పారి ఉంటుంది. ముందు అద్దాల పరీక్ష, తర్వాత చుక్కలు. లేదంటే ఇంకో రోజు రమ్మంటారు, వెళ్లాలి. షుగరు ఉన్నవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. షుగరు బాగా ఎక్కువున్న వారంలో సైటు మైనస్ వైపుకు జరగొచ్చు, అదుపులోకి వచ్చాక మళ్లీ మారుతుంది. ఆ వారంలో చేయించిన ఖరీదైన అద్దాలు నెల తర్వాత పనికిరావు.

యాడ్ వయసు చూసి వేసేది కాదు. నలభై అయిదుకు +1.25, +1.50 దగ్గర, యాభై దాటితే +2.00 దగ్గర, అరవైకి +2.25, +2.50 అనేవి మొదలుపెట్టడానికి అంకెలు మాత్రమే. తేల్చేది మీరు చదివే దూరం. ఇంటి దగ్గరే టేపు పెట్టి కొలుచుకుని వెళ్లాను: పుస్తకం 40 సెంటీమీటర్లు, ఫోను 35, ల్యాప్‌టాప్ తెర 62. ఆ అంకెలు చెబితే పరీక్ష చేసే అమ్మాయి దగ్గరి చార్టు కర్రను 40 దగ్గర బిగించింది. అక్కడ +2.25తో ఇంకాస్త పెద్దగా, నల్లగా కనపడింది, +2.00తో కూడా అన్ని వరుసలూ చదవగలిగాను. ఇలాంటప్పుడు తక్కువదే తీసుకోవాలి. యాడ్ పావు పాయింటు పెరిగినా పక్కల మసక పెరుగుతుంది, స్పష్టంగా కనపడే దూరం ముక్కు దగ్గరికి వచ్చేస్తుంది. కుర్చీలో కూర్చుని చూసినప్పుడు “ఇది ఇంకా బాగుంది” అనిపించేది అద్దంలో దిగాక మెడకు తగులుకుంటుంది.

దగ్గరి చార్టులో చాలాచోట్ల ఇంగ్లిషు అక్షరాలే ఉంటాయి, ఎన్6, ఎన్8 అని సైజు గుర్తులతో. తెలుగు చదివేవాళ్లు ఒక తెలుగు పేపరు వెంట తీసుకెళ్లడం మంచిది. మన లిపికి ఇంకాస్త నిశితమైన చూపు కావాలి. ధ, థ మధ్య తేడా లోపలి చుక్క ఒక్కటే. ప, వ మధ్య తేడా పైన చిన్న సందు. వరుస కింద వేలాడే వత్తులు సంగతి సరేసరి. ట్రయల్ ఫ్రేములో, అంటే పరీక్షకు పెట్టే ఫ్రేములో, పవర్లు పెట్టించుకుని పేపర్లో చిన్న అక్షరాల ప్రకటనలు చదవండి, వత్తు తెలుస్తోందా లేదా చూడండి. తర్వాత అదే ట్రయల్ ఫ్రేములో యాడ్ తీసేసి కిటికీ దగ్గరికి వెళ్లి రోడ్డు చూడండి. గదిలో చార్టు ఆరు మీటర్ల లోపే ఉంటుంది. బస్సు బోర్డు మీద 127కె అని తెలియాల్సింది అంతకంటే చాలా దూరంలో.

నా చీటీ: కుడి −1.25, సిలిండర్ (ఇక్కడ మసక కాదు, కంటి వంపులో తేడాను సరిచేసే పవరు) −0.50, యాక్సిస్ (ఆ పవరు కూర్చునే కోణం) 90, ఎడమ −1.00, సిలిండర్ −0.50, యాక్సిస్ 85. యాడ్ రెండిటికీ +2.00. పాత చీటీతో పోల్చి, సిలిండర్ గానీ యాక్సిస్ గానీ బాగా మారితే ఎందుకో అక్కడే అడగాలి. ఎందుకంటే కొత్త అద్దాల్లో నేల వంగినట్టు అనిపించడానికి కొన్నిసార్లు ప్రోగ్రెసివ్ కారణం కాదు, మారిన సిలిండర్ కారణం.

ఇక ఫ్రేము. కోఠి, ఆబిడ్స్ వైపు వెళ్లినా, మాల్‌లో షోరూముకు వెళ్లినా ముందు ఫ్రేము చూపించి, చివర్లో అద్దాల కాగితం తీస్తారు. ప్రోగ్రెసివ్‌కు ఈ వరుస తలకిందులు. ఏ కారిడార్ వేస్తున్నారో తెలిస్తేనే ఫ్రేము ఎంత ఎత్తు ఉండాలో తెలుస్తుంది. 14 మిల్లీమీటర్ల కారిడార్‌కు కనుపాప కింద కనీసం 18 ఉండాలి, లేకపోతే చదివే భాగాన్ని గ్రైండరు కోసేస్తుంది. కనుపాప పైన కూడా పది పన్నెండు ఉండాలి, దూరం చూసే చోటు అదే కదా. ఈ రెండూ కలిపితే అద్దం గూడు ఎత్తు 28, 30 అయినా ఉండాలి. సన్నటి ఫ్రేము మీద మనసుపడితే చిన్న కారిడార్ వేస్తారు, వేసి “సరిపోతుంది సార్” అంటారు. సరిపోతుంది, సందు మాత్రం నాలుగు నుంచి మూడు అవుతుంది. ముక్కు పక్కన ఏటవాలుగా కోసినట్టు ఉండే ఏవియేటర్ ఆకారం ఇంకా మోసం. చదివేటప్పుడు కళ్లు రెండూ లోపలికి తిరుగుతాయని చదివే భాగాన్ని ఒక్కో అద్దంలో రెండున్నర మిల్లీమీటర్ల దాకా ముక్కువైపు జరిపి తయారుచేస్తారు. ఏవియేటర్ సరిగ్గా ఆ మూలే కోసేస్తుంది.

ఫ్రేము కాడ లోపలి వైపు 50-18-140 లాంటి అంకెలు ఉంటాయి. 50 అద్దం వెడల్పు, 18 రెండు అద్దాల మధ్య వంతెన, 140 కాడ పొడవు. మొదటి రెండూ కలిపితే 68. ఇది మీ పీడీకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. నాది 63.5, తేడా నాలుగున్నర, ఇబ్బంది లేదు. అదే 56-18 పెద్ద ఫ్రేము పెట్టుకుంటే 74, అద్దం పక్కభాగమంతా మసక ప్రాంతమే మోసుకు తిరుగుతాను.

ప్లాస్టిక్ ఫ్రేములో ముక్కు దిమ్మలు ఫ్రేముతో కలిసే ఉంటాయి, సవరించడానికి వీలుండదు. లోహపు ఫ్రేముకు తీగ మీద నిలబడే సిలికాన్ ప్యాడ్లు ఉంటాయి. రెండు ప్యాడ్లను దగ్గరికి వంచితే ఫ్రేము పైకి లేస్తుంది, ఎడం చేస్తే కిందికి దిగుతుంది. రేపు ఏ మిల్లీమీటరో తేడా వస్తే అద్దాలు మార్చకుండా సవరించుకోగలిగేది దీంట్లోనే. అందుకే నేను ప్యాడ్ల ఫ్రేము తీసుకున్నాను. అందానికి కొన్ని మార్కులు పోతే పోయాయి.

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇప్పుడు. కొలత తీయకముందే ఫ్రేమును ముఖానికి బిగించాలి. చాలాచోట్ల తిరగేసి చేస్తారు: కొలత ముందు, బిగింపు అద్దాలు వచ్చాక. మొదటి జతలో నాకు జరిగిందీ అదే. ఏసీ గదిలో ఫ్రేము ముక్కు మీద పైకి నెట్టి పెట్టుకుని కూర్చుంటాం. అప్పుడు కనుపాప అద్దంలో కిందుగా కనపడుతుంది, హైటు తక్కువ వస్తుంది. బయటికొచ్చి మే నెల చెమటకు ఫ్రేము రెండు మూడు మిల్లీమీటర్లు జారుతుంది, జారి అక్కడే స్థిరపడుతుంది. కొలత ఒక చోట తీశారు, బతుకు ఇంకో చోట.

రెండో షాపులో ఆయన మొదట ఫ్రేమును బల్ల మీద బోర్లించి, కాడలు రెండూ సమానంగా ఆనుతున్నాయా చూశాడు. కాడ చివరను వేడిగాలితో మెత్తబరచి, చెవి వెనక సరిగ్గా చెవి మొదలు దగ్గరే వంపు పడేలా వంచాడు. వంపు ఇంకా వెనక్కి ఉంటే ఫ్రేము జారుతుంది, ముందుకు ఉంటే చెవి నొప్పి. తర్వాత పక్కనుంచి చూస్తూ అద్దం కింది అంచును బుగ్గవైపు వాల్చాడు. ఈ వాలు 8 నుంచి 12 డిగ్రీలు ఉండాలి, నవ్వితే మాత్రం బుగ్గకు తగలకూడదు. అద్దానికీ కంటికీ మధ్య దూరం 12, 13 మిల్లీమీటర్లు. రెప్పవెంట్రుకలు తగలకుండా ఎంత దగ్గరగా ఉంటే అంత వెడల్పు చూపు దొరుకుతుంది. తాళపు రంధ్రానికి కన్ను దగ్గర పెడితే గది ఎక్కువ కనపడినట్టే. తల కిందికి వంచి ఊపమన్నాడు. ఫ్రేము కదల్లేదు. అప్పుడు మార్కర్ తీశాడు.

కొత్త ఫ్రేముల్లో పవరు లేని డమ్మీ అద్దాలు ఉంటాయి, చుక్కలు వాటి మీదే పెడతారు. పాత ఫ్రేముకు అద్దాలు తీసేసి ఉంటే గూటికి అడ్డంగా సెల్లో టేపు అంటించి దానిమీద పెడతారు. కొలిచే మనిషి కళ్లు, మన కళ్లు ఒకే ఎత్తులో ఉండాలి, అతను స్టూలు మీద నుంచి పైనుంచి చూస్తే హైటు తప్పుతుంది. ఆయన తన కుడి కన్ను మూసుకుని, నన్ను తన ఎడమ కన్ను చూడమని నా కుడి కనుపాప మధ్యలో చుక్క పెట్టాడు. తర్వాత అటు మార్చి ఎడమ. ఒక్కో కంటికీ విడిగా. కూర్చుని ఒకసారి పెట్టాక లేపి నిలబెట్టాడు.

“సార్, గడ్డం దించండి. పాస్‌పోర్టు ఫొటోకు కాదు. నాలుగడుగులు నడిచొచ్చి మామూలుగా నిలబడండి.”

నిజమే, కొలత అనగానే అందరం నిటారుగా బిగుసుకుని గడ్డం ఎత్తుతాం. గడ్డం ఎత్తితే ఎదురుగా చూసే చూపు అద్దంలో కిందినుంచి పోతుంది, హైటు తక్కువ పడుతుంది. నడిచొచ్చాక చూస్తే కుడి చుక్క ఒకటిన్నర మిల్లీమీటర్లు కిందుగా ఉంది. అది తుడిచి కొత్తది పెట్టి, మళ్లీ చూసి, మూడోసారి కూడా అక్కడే పడ్డాక వదిలాడు. పీడీని పుపిలోమీటరుతో, అంటే పీడీ కొలిచే పరికరంతో, ఇంకోసారి సరిచూశాడు, 30.5, 33. మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది. ట్యాబ్‌తో, కెమెరాతో ఫొటో తీసి కొలిచే యంత్రాలు కూడా నగరంలో చాలా షాపుల్లో ఉన్నాయి. వాలు, ఫ్రేము ముఖం చుట్టూ తిరిగే వంపు కూడా అవే లెక్కకడతాయి, మంచివే. కానీ బిగించని ఫ్రేమును, బిగుసుకున్న మెడను యంత్రం కూడా ఉన్నదున్నట్టే కొలుస్తుంది.

చుక్కలు పెట్టిన ఫ్రేమును కంపెనీ లేఅవుట్ చార్టు మీద ఆనించి, అనుకున్న డిజైను ఆ గూట్లో పూర్తిగా పడుతోందా నాకూ చూపించాడు. చదివే వలయం ఫ్రేము లోపలే ఉంది. ఆ చార్టు చూపించమని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఆర్డరులో ఏం రాశారో ఒక ఫొటో తీసుకున్నాను. పవరు, యాడ్, ఒక్కో కంటి పీడీ, ఒక్కో కంటి హైటు, కారిడార్ పొడవు, డిజైను పేరు, ఇండెక్స్, కోటింగ్. కాస్త పైస్థాయి డిజైన్లయితే వాలు, వంపు, కంటి దూరం కూడా పంపాలి. పంపకపోతే కంపెనీ సగటు అంకెలు వేసుకుంటుంది, మనం ఎక్కువ డబ్బిచ్చి మామూలు అద్దమే తెచ్చుకుంటాం. ఎసిలార్, జైస్, హోయా, నికాన్ ఎవరిదైనా మూడు నాలుగు మెట్లుగా అమ్ముతారు. నా అభిప్రాయం: మధ్య మెట్టు ఫ్రీఫామ్ (మన కొలతలకు తగ్గట్టు కంప్యూటరు యంత్రంతో చెక్కే అద్దం) తీసుకోండి, మిగిలిన పట్టుదల కొలత మీద చూపండి. మొదటిసారి యాడ్ +1.25 లోపు ఉన్నవాళ్లకు మామూలు మెట్టు కూడా చాలు, సందు వాళ్లకు వెడల్పుగానే ఉంటుంది. ఇండెక్స్ గురించి ఒక్కమాట, అది పెరిగేకొద్దీ అద్దం పలచబడుతుంది. నా పవరుకు 1.50 సీఆర్-39, అంటే మామూలు ప్లాస్టిక్ అద్దం, చాలు, రంగు అంచులు రావు, చూపు శుభ్రంగా ఉంటుంది. పవరు మూడు నాలుగు దాటితే 1.60 వేసుకోవచ్చు. పాలికార్బొనేట్ అంత తేలిగ్గా పగలదు, పిల్లలకు మంచిది, కానీ అంచుల్లో రంగులు చీలుతాయి. ఉన్న మసక చాలదన్నట్టు ఇదొకటి ఎందుకని నేను వద్దన్నాను. బిల్లు మీద పన్ను కూడా చూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి పవరు అద్దాల జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అద్దాలు పడకపోతే ఎన్ని రోజుల్లోపు ఉచితంగా మార్చి ఇస్తారో అదే బిల్లు మీద రాయించుకోవాలి. నోటిమాట లెక్కలోకి రాదు.

అద్దాలు వచ్చిన రోజు మీద ఇంకు గుర్తులు ఉంటాయి: కనుపాప దగ్గర ఒక ప్లస్ గుర్తు, పైన దూరం పవరు కొలిచే బ్రాకెట్, కింద చదివే పవరు వలయం, అటూ ఇటూ అడ్డగీతలు. షాపు కుర్రాడు అలవాటుగా స్పిరిట్ దూది తీశాడు. ఆపాను! ఆ గుర్తులు తుడిచేస్తే తనిఖీకి సులభమైన ఆధారం పోతుంది. గుర్తులతోనే పెట్టుకుని, అతన్ని ఎదురుగా అదే ఎత్తులో నిలబెట్టి, ఒక్కో కన్నూ మూసి చూడమనాలి. ప్లస్ గుర్తు కనుపాప నడిమధ్యలో పడాలి. ఒక మిల్లీమీటరు లోపు తేడాను ప్యాడ్లతో సర్దుతారు. అడ్డగీతలు నేలకు సమాంతరంగా ఉండాలి. ఒకటి వాలితే అద్దం గూట్లో తిరిగిందని అర్థం, సిలిండర్ యాక్సిస్ కూడా దాంతోపాటు తిరిగిపోయి ఉంటుంది. అద్దం పవరు కొలిచే లెన్సోమీటరులో దూరం పవరు ఆ బ్రాకెట్ దగ్గరే చూడాలి, అద్దం మధ్యలో కాదు. ఫ్రీఫామ్ అద్దం అయితే అక్కడ కనపడే అంకె చీటీలో అంకెకు కాస్త తేడాగా ఉండొచ్చు. వాలుకు తగ్గట్టు కంపెనీయే సవరించిన అంకె అద్దం కవరు మీద అచ్చువేసి ఉంటుంది. దానితో పోల్చాలి. ఆ కవరు మనదే, అడిగి తీసుకోవాలి.

గుర్తులు తుడిచేశాక కూడా ఇంట్లో చూసుకునే దారి ఒకటుంది, మొదటి జతలో తప్పును నేను దీనితోనే సరిచూసుకున్నాను. అద్దం మీద నోటితో ఆవిరి ఊది ట్యూబులైటు వైపు ఏటవాలుగా తిప్పితే రెండు చిన్న చెక్కుడు గుర్తులు, చాలావాటిలో బుల్లి వృత్తాలు, తళుక్కుమంటాయి. రెండిటి మధ్య 34 మిల్లీమీటర్లు. చెవివైపు గుర్తు కింద యాడ్ అంకె ఉంటుంది, నాకు 20 అని. ముక్కువైపు గుర్తు కింద కంపెనీ, డిజైను సంకేతం. కంపెనీ అద్దమేనా అనే అనుమానం కూడా ఇక్కడే తీరుతుంది. రెండు గుర్తుల మీదా స్కెచ్ పెన్నుతో చుక్కపెట్టి, స్కేలుతో గీత కలిపి, దాని మధ్య బిందువు గుర్తించండి. అక్కడి నుంచి రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు పైన, డిజైనును బట్టి, ప్లస్ గుర్తు ఉండే చోటు. ఇప్పుడు గోడకు నిట్టనిలువుగా ఉన్న అద్దం ముందు తల నిటారుగా పెట్టి నిలబడండి. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో అద్దంలో అదే కుడి కనుపాపను చూసుకోండి. మన కంటి నుంచి మన ప్రతిబింబం కంటికి పోయే చూపు సూటిగానే పోతుంది కాబట్టి ఈ కొలత దూరం చూపుకు సరిపోతుంది. చుక్క కనుపాప మీద పడిందా, పక్కనా, కిందా? చేతిలో సన్నటి మార్కర్ ఉంటే రెండు నిమిషాల పని. అయితే మూసిన కన్ను రెప్ప అదిరి తల వాలకుండా చూసుకోవాలి.

అలవాటుపడటం అబద్ధం కాదు, దానికీ కొన్ని రోజులు కావాలి. రెండో జత నాకు అయిదో రోజుకు గుర్తురావడం మానేసింది; రెండు వారాలు దాకా మామూలే. ఆ రోజుల్లో పాత అద్దాలు మార్చి మార్చి పెట్టుకుంటే మెదడు ఎటూ తేల్చుకోదు. ఏం చూడాలన్నా కళ్లు పక్కకు తిప్పడం కాదు, ముక్కును అటు తిప్పాలి. మెట్లు దిగేటప్పుడు గడ్డం దించి పై భాగంలోంచి మెట్టు చూడాలి, లేకపోతే చదివే పవర్లోంచి చూసినట్టవుతుంది. మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర మొదటి వారం రెయిలింగ్ పట్టుకోవడంలో నామోషీ లేదు. బండి నడిపేవాళ్లకు రెండు చిక్కులు. పక్క అద్దం సరిగ్గా మసక మూలలో పడుతుంది, తల తిప్పి చూడాల్సిందే. హెల్మెట్ లోపలి మెత్త కాడల్ని నొక్కి ఫ్రేమును ముందుకో పైకో నెడుతుంది. ముందు హెల్మెట్, తర్వాత కాడలు సూటిగా దూర్చి అద్దాలు. మొదటి రెండు రోజులు బండి తీయకపోవడమే మేలు.

రెండు వారాలు దాటినా ఇబ్బంది ఉంటే అది ఏ రకమో చూడాలి. దూరం చూడటానికి గడ్డం దించాల్సి వస్తే అద్దం పైకి కూర్చుంది, ప్యాడ్లు ఎడం చేయించాలి. చదవడానికి గడ్డం లేపాల్సి వస్తే, లేదా వేలితో ఫ్రేమును ఎత్తితే అక్షరాలు తేరుకుంటే, కిందికి కూర్చుంది, ప్యాడ్లు దగ్గరికి వంచాలి. వేలితో ఎత్తి చూడటం అన్నిటికంటే తేలిక పరీక్ష. పుస్తకం ఒక పక్కకు పెడితేనే బాగుంటే పీడీ తప్పు. ఒక్కో కన్నూ మూసి పుస్తకాన్ని కుడికీ ఎడమకీ జరిపి చూడండి, రెండు కళ్లకూ బాగున్న చోటు ఒకటే, అదీ ముక్కుకు ఎదురుగా, అయి ఉండాలి. అలా లేకపోతే ప్యాడ్లతో అయ్యే పని కాదు, అద్దం మళ్లీ చేయాల్సిందే. ఎటు చూసినా దూరం కాస్త మసకగా ఉంటే పవరు మళ్లీ చూపించాలి. నేల ఊగినట్టు ఉండటం ఒక్కటే ఫిర్యాదైతే వాలు కాస్త పెంచి, ఫ్రేమును కంటికి దగ్గరగా జరిపి చూడాలి. చాలాసార్లు అక్కడే తగ్గుతుంది.

రోజంతా పెద్ద మానిటర్ ముందు కూర్చునేవాళ్లు మాత్రం ప్రోగ్రెసివ్ ఒక్కటితో సర్దుకుపోవాలని చూడొద్దు. తెర కళ్ల ఎత్తులో ఉంటుంది, తెర దూరం పవరేమో అద్దంలో కనుపాపకు ఏడెనిమిది మిల్లీమీటర్లు కింద ఉంటుంది. కొలత ఎంత బాగున్నా గడ్డం లేస్తుంది. ముందు తెరను ఒక జానెడు దించి చూడండి. అయినా మెడ పట్టేస్తుంటే, ఆఫీసు అద్దాలని వేరే ఉంటాయి. తెర నుంచి పుస్తకం దాకా వెడల్పు చూపు, రోడ్డు మాత్రం కనపడదు. వాటితో బండి ఎక్కకూడదు. నేను ఆ జతను ఆఫీసు సొరుగులోనే ఉంచుతాను.

ఇక్కడి బోరు నీళ్లతో కడిగి అలాగే ఆరబెడితే తెల్ల మచ్చలు కట్టేస్తాయి, ఒక చుక్క గిన్నెల సబ్బుతో కడిగి వెంటనే మెత్తటి గుడ్డతో ఒత్తాలి. ఎండలో కారు డాష్‌బోర్డు మీద వదిలేస్తే కోటింగ్ సన్నగా పగుళ్లిస్తుంది. రెండు చేతులతో తీసి రెండు చేతులతో పెట్టుకోవాలి. ఒక చేత్తో లాగే అలవాటుంటే మూడు నెలల్లో ఒక కాడ వదులై ఒక కన్ను కిందికి దిగుతుంది. గోడ అద్దం ముందు ఆ చుక్కల పరీక్ష నేను ఎండాకాలం మొదట్లో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి చేసుకుంటాను. మొన్న కుడివైపు మిల్లీమీటరు దిగింది. షాపుకెళ్తే ప్యాడ్ తీగ కాస్త లోపలికి వంచి, మరలు బిగించి ఇచ్చారు. డబ్బులు తీసుకోలేదు.